ఫోన్ మనకి తెలీకుండా కాల్స్ కొడుతుంటే ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి

మా బాబాయ్ ఒకరోజు బిల్లు తెచ్చి నా ముందు పడేశాడు, "ఒరేయ్, బయటి దేశంలో నాకు తెలిసినవాడు ఒక్కడు కూడా లేడు, నేనెందుకు ఫోన్ చేస్తాన్రా" అని. చూస్తే తెల్లవారుజామున 3:12కి ఒక కాల్, 3:25కి ఇంకోటి, మర్నాడు మళ్ళీ దాదాపు అదే టైముకి, అన్నీ +252తో మొదలయ్యే నంబర్లే. +252 అంటే సోమాలియా. ఫోన్ తీసుకుని కాల్ లాగ్ చూస్తే ఆ రాత్రుల్లో ఒక్క కాల్ కూడా లేదు, ఖాళీ. ఈయనేమో ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి బోర్లా తిప్పి పడుకుంటాడు, కాబట్టి అర్ధరాత్రి స్క్రీన్ వెలిగినా చూసేవాడు లేడు. కస్టమర్ కేర్ వాళ్ళు "మీ నంబర్ నుంచే వెళ్ళాయి సార్" అంటారు, ఈయన "నేను చెయ్యలేదు" అంటాడు, నిజానికి ఇద్దరూ చెప్పేది కరెక్టే.

తర్వాత తేలిందేంటంటే నెల ముందు ఎవరో ఫార్వర్డ్ చేసిన ఏపీకే, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు, ఒకటి వేసుకున్నాడు, పేకాట గేమ్, మామూలుగా డబ్బులు కట్టాల్సిందాన్ని ఫ్రీగా ఇస్తున్నారని. గేమ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, అదే అసలు చిక్కు, పనిచెయ్యకపోతే రెండో రోజే తీసి పారేసేవాడు కదా. ఇలాంటి దొంగ ప్రోగ్రాముల్ని డయలర్ అంటారు, అంటే నంబర్లు నొక్కడానికి ఫోన్‌లో ఉండే డయలర్ కాదు, మీరు నిద్రపోతున్నప్పుడు ఖరీదైన నంబర్లకి తనే కాల్ చేసుకునే రకం.

ఇలా జరిగినప్పుడు చాలామంది చేసే మొదటి పనే తప్పు. కంగారులో ఏదో యాంటీవైరస్ దించి స్కాన్ కొడతారు, లేదా కోపమొచ్చి ఫోన్ మొత్తం రీసెట్ చేసేస్తారు. స్కాన్ నడుస్తున్నంతసేపూ కాల్ పోయే దారి తెరిచే ఉంటుంది, రీసెట్ చేస్తే ఏ యాప్ చేసిందో చూపించడానికి ఏమీ మిగలదు. నేను చెప్పే వరస వేరు: ముందు దారి మూసెయ్యండి, తర్వాత ఆపరేటర్ దగ్గరున్న రికార్డు తీసుకోండి, యాప్ వేట ఆ తర్వాత. ఎందుకంటే ఫోన్ మీకు అబద్ధం చెప్పగలదు, పర్మిషన్ ఇచ్చాక కాల్ లాగ్‌లోంచి ఒక ఎంట్రీ చెరపడం ఏ యాప్‌కైనా చిటికెలో పని. ఆపరేటర్ దగ్గర పడిన రికార్డుని మాత్రం మీ ఫోన్‌లో ఉన్న ఏ యాపూ ముట్టుకోలేదు.

అసలు ఆ దొంగ యాప్ చేసినవాడికి ఇందులో ఏం లాభం అనేది కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మీరు బయటి దేశానికి కాల్ చేస్తే మీ ఆపరేటర్ మీ దగ్గర తీసుకున్న డబ్బులో కొంత మధ్యలో ఉన్న కంపెనీలకి కడుతుంది, వాళ్ళు కొంత ఉంచుకుని ఆ చివర నంబర్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళకి ఇస్తారు. నిమిషానికి రేటు ఎక్కువగా ఉండే నంబర్లని కొందరు గుత్తకి తీసుకుని, "మా నంబర్లకి ట్రాఫిక్ పంపితే వచ్చిందాంట్లో నీకు వాటా" అంటారు, ఆ ట్రాఫిక్ ఎలా వచ్చిందో అడిగేవాడు ఉండడు. అవతల ఫోన్ ఎత్తేది మనిషి కూడా కాదు, మ్యూజిక్కో నిశ్శబ్దమో ఉంటుంది, మీటర్ తిరిగితే చాలు. ఇంకో తమాషా ఏంటంటే బిల్లులో కనపడే దేశానికి ఆ కాల్ చేరకపోవచ్చు కూడా, మధ్యలోనే ఎవడో ఎత్తేసుకుంటాడు, కాబట్టి దేశం పేరు చూసి ఆ దేశం వాళ్ళని తిట్టుకోవడం అనవసరం. బిల్లులో +881, +882, +883 కనిపిస్తే అవి ఏ దేశానివీ కావు, శాటిలైట్ ఫోన్లకీ అంతర్జాతీయ నెట్‌వర్క్‌లకీ ఇచ్చిన కోడ్లు, వీటికి రేట్లు మండిపోతుంటాయి, దొంగలకి ఇవీ ఇష్టమే.

ఇదేం కొత్త విద్య కాదు. ఇంటర్నెట్ కోసం మోడెమ్ కీచుమంటూ ఫోన్ లైన్ మీద డయల్ చేసే రోజుల్లోనే ఉంది. 1997లో అమెరికాలో వినియోగదారుల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కోర్టుకి లాగిన కేసు చాలా ఫేమస్: బూతు బొమ్మలు ఫ్రీగా చూడాలంటే ఈ వ్యూయర్ దించుకోండి అని ఇచ్చేవాళ్ళు, అది మీ మామూలు కనెక్షన్ కట్ చేసి, మోడెమ్ స్పీకర్ సౌండ్ ఆపేసి, చప్పుడు లేకుండా మాల్డోవా అనే యూరప్ దేశపు నంబర్‌కి డయల్ చేసేది. ఆ సైట్ మూసేసి వేరే సైట్లు చూసుకుంటున్నా లైన్ మాల్డోవా మీదే నడిచేది, కంప్యూటర్ ఆపేదాకా. నా దృష్టిలో ఆ స్పీకర్ ఆపెయ్యడం ఉంది చూశారా, అక్కడే ఉంది వాడి తెలివంతా, ఎందుకంటే అప్పట్లో మోడెమ్ మళ్ళీ డయల్ చేస్తోందని జనానికి తెలిసేది ఆ కీచు శబ్దంతోనే. ఇప్పటి డయలర్ కాల్ లాగ్ చెరిపేది కూడా అందుకే. జర్మనీలో ఈ గొడవ ఎంత ముదిరిందంటే 2003లో చట్టమే తెచ్చి డయలర్లన్నీ రిజిస్టర్ అవ్వాలని, నిమిషానికి 2 యూరోలు దాటకూడదని, గంటకి లైన్ దానంతటదే కట్ అవ్వాలని పెట్టారు.

బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఆ పాత డయలర్లు వాటంతటవే చచ్చిపోయాయి, బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్ ఫోన్ నంబర్లు డయల్ చెయ్యదు కాబట్టి. కానీ మన జేబులోకి సిమ్ ఉన్న కంప్యూటర్ వచ్చేసింది. 2010లో విండోస్ మొబైల్ ఫోన్లకి వచ్చిన ఒక షూటింగ్ గేమ్‌లో ఎవడో డయలర్ దూర్చి డౌన్‌లోడ్ సైట్లలో పెట్టాడు, అది కాల్ చేసిన నంబర్లలో సోమాలియా కూడా ఉంది, మా బాబాయ్ బిల్లు చూడగానే నాకు గుర్తొచ్చింది ఇదే. అదే ఏడాది ఆగస్టులో ఆండ్రాయిడ్‌కి మొదటి ఎస్ఎమ్ఎస్ ట్రోజన్, అంటే మంచి యాప్ వేషంలో దూరే దొంగ ప్రోగ్రాము, బయటపడింది, మీడియా ప్లేయర్ వేషంలో ఉండి ప్రీమియం నంబర్లకి, అదే మామూలు కంటే ఎక్కువ రేటు పడేవాటికి, మెసేజ్‌లు పంపేది.

సరే, ఇక పనిలోకి వద్దాం.

అనుమానం వచ్చిన నిమిషంలోనే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఇంకా మంచిది సిమ్ తీసెయ్యండి. ఈ-సిమ్ (బయటికి తియ్యడానికి లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) అయితే సెట్టింగ్స్‌లో ఆ లైన్ ఆఫ్ చెయ్యండి, ఫిజికల్ సిమ్ తీసినంత గట్టి పని కాదు గానీ పర్లేదు. ఆ సిమ్‌ని ఇంట్లో ఇంకో ఫోన్‌లో వేసుకుని వాడుకోవచ్చు, డయలర్ ఉండేది ఫోన్‌లో, సిమ్‌లో కాదు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాక వైఫై ఆన్ చేసుకుని ఫోన్‌లో వెతకొచ్చు, కాల్స్ పోవు, కాకపోతే వైఫై కాలింగ్ ఉన్న ఫోన్ అయితే అది ఆఫ్ చెయ్యడం మర్చిపోవద్దు, లేకపోతే ఏరోప్లేన్ మోడ్‌లో కూడా వైఫై మీదుగా కాల్ పోతుంది. ఇది చాలామందికి తట్టదు.

తర్వాత ఇంకో ఫోన్ నుంచి ఆపరేటర్‌కి కాల్ చేసి నాలుగు అడగండి. ఒకటి, ఐఎస్‌డీ, అంటే బయటి దేశాలకి పోయే కాల్స్, పూర్తిగా ఆపమనండి. రెండు, రోమింగ్‌లో లేకపోతే ఇంటర్నేషనల్ రోమింగ్ కూడా. మూడు, ప్రీమియం నంబర్లకి కాల్స్, మెసేజ్‌లు బ్లాక్ చెయ్యమనండి. నాలుగు, ఇదే అందరూ వదిలేసేది, ఫోన్ బిల్లు మీద వస్తువులూ సర్వీసులూ కొనే సౌకర్యం, అదే క్యారియర్ బిల్లింగ్ అంటారు, దాన్ని ఆపమనండి. అడిగిన టైము, అవతల మాట్లాడినవాళ్ళ పేరు, కంప్లయింట్ నంబర్ ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత "మీరు మాకు చెప్పనేలేదు" అంటే అదే పనికొస్తుంది.

ఐఎస్‌డీ ఆపడానికి జీఎస్ఎమ్ ఫోన్లలో కోడ్ కూడా ఉంది, *331* కొట్టి నాలుగంకెల బ్యారింగ్ (కాల్స్ ఆపే) పాస్‌వర్డ్ కొట్టి # నొక్కితే బయటి దేశాల కాల్స్ ఆగుతాయి, ఆగాయో లేదో *#331# తో చూసుకోవచ్చు. పాస్‌వర్డ్ ఆపరేటర్ ఇచ్చేది, చాలాచోట్ల 0000 లేదా 1234 ఉంటుంది, మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయిపోతుంది కాబట్టి ఊహించి కొట్టకండి. అన్ని నెట్‌వర్క్‌లలో ఇది పనిచెయ్యదు కూడా. పైగా ఫోన్ నుంచి వేసిన తాళం ఫోన్ నుంచే తియ్యొచ్చు, కాల్ చేసే పర్మిషన్ ఉన్న యాప్ ఆ కోడ్‌ని కూడా డయల్ చెయ్యగలదు, 0000 వాడికీ తెలుసు. అందుకే నేను కోడ్ కంటే ఆపరేటర్ చేత వాళ్ళ వైపు నుంచి ఆపించడమే నమ్ముతాను.

అదే కాల్‌లో వివరమైన బిల్లు అడగండి, మొత్తం కాదు, ఒక్కో కాల్‌కి తేదీ, టైము, నంబర్, ఎంతసేపు అనేది వచ్చేది. ప్రీపెయిడ్ అయినా ఇది ఉంటుంది, ఆపరేటర్ యాప్‌లో కూడా దొరకొచ్చు. అది చేతికొచ్చాక ఫోన్ కాల్ లాగ్ పక్కన పెట్టుకుని ఒక్కో లైన్ పోల్చండి. నేను బాబాయ్ బిల్లు మీద పెన్సిల్‌తో చేసింది ఇదే, రెండింట్లోనూ ఉన్నవాటికి టిక్కు పెట్టుకుంటూ పోతే చివరికి టిక్కు లేని లైన్లు తొమ్మిది మిగిలాయి, తొమ్మిదీ రాత్రి 3 నుంచి 4 మధ్యే, ఏ ఒక్కటీ 13 నిమిషాలు దాటలేదు. మనిషి చేసిన కాల్స్ అలా ఉండవు. బిల్లులో ఉండి లాగ్‌లో లేకపోతే యాప్ చెరిపిందనో, లేదా కాల్ ఫార్వర్డింగ్ అనో అనుకోవాలి. రెండింట్లోనూ ఉంటే ముందు మిస్డ్ కాల్ చూసి మీరే తిరిగి చేశారేమో గుర్తుతెచ్చుకోండి, ఒక్క రింగు ఇచ్చి పెట్టేసి మీ చేత తిరిగి చేయించుకునే మోసం వేరే ఉంది, జపాన్ వాళ్ళు దానికి వాన్‌గిరి అని పేరు పెట్టారు, దానికి మీ ఫోన్‌లో వైరస్ అక్కర్లేదు, మీ ఆత్రుత చాలు.

కాల్ ఫార్వర్డింగ్ సంగతి ఇప్పుడే చూసెయ్యండి, రెండు నిమిషాల పని, సిమ్ నెట్‌వర్క్‌లో ఉండాలి కాబట్టి అనుమానం లేని ఫోన్‌లో వేసి *#21# కొట్టండి. వచ్చిన ప్రతి కాల్ ఎక్కడికైనా మళ్ళుతుంటే చూపిస్తుంది, మళ్ళిన కాల్‌కి బిల్లు పడేది మీకే. *#62# కొడితే ఫోన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎటు పోతుందో చెప్తుంది, అక్కడ ఏదో నంబర్ కనిపించగానే హడలిపోవద్దు, చాలాసార్లు అది ఆపరేటర్ వాయిస్ మెయిల్ నంబర్. తెలియని నంబర్, అందులోనూ బయటి దేశం కోడ్ ఉంటే ##002# కొట్టండి, అన్ని ఫార్వర్డింగులూ పోతాయి.

ఇప్పుడు యాప్ వేట. ఇక్కడ నిదానంగా చెయ్యండి.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పర్మిషన్ మేనేజర్ తెరిచి ఫోన్, కాల్ లాగ్స్, ఎస్ఎమ్ఎస్ ఈ మూడూ ఒక్కొక్కటిగా చూడండి. యాప్ పేరు చదవగానే మనసులో "నీకు ఫోన్‌తో ఏం పని" అని అడగండి, బ్యాంకు యాప్‌కి ఉండొచ్చు, కాలర్ పేరు చూపించే యాప్‌కి ఉంటుంది, పేకాటకి ఎందుకు, వాల్‌పేపర్‌కి ఎందుకు. తర్వాత స్పెషల్ యాప్ యాక్సెస్ అనే చోట ప్రీమియం ఎస్ఎమ్ఎస్ యాక్సెస్ ఉంటుంది, 2012లో ఆండ్రాయిడ్ 4.2 నుంచీ ప్రీమియం మెసేజ్ పంపేముందు ఫోన్ మిమ్మల్ని అడుగుతుంది, ఎప్పుడో పొరపాటున ఎప్పటికీ ఓకే అని నొక్కి ఉంటే ఆ యాప్ ఇక్కడ కనిపిస్తుంది. అక్కడే నోటిఫికేషన్ యాక్సెస్ కూడా చూడండి. ఇంకా యాక్సెసిబిలిటీ. ఈ రెండూ చూడకుండా వదిలితే మిగతా వేటంతా దండగ, యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే మీ బదులు స్క్రీన్ మీద అది నొక్కగలదు, నోటిఫికేషన్లు ఇచ్చారంటే మీకొచ్చే ఓటీపీ చదివేస్తుంది.

అనుమానం ఉన్న యాప్ ఇన్ఫో తెరిచి అడుగుదాకా వెళ్తే ఎక్కడినుంచి ఇన్‌స్టాల్ అయిందో రాసి ఉంటుంది. ప్లే స్టోర్ కాకుండా బ్రౌజర్ అనో మెసేజింగ్ యాప్ అనో ఉంటే వాడే మొదటి దొంగ. తీసేముందు ఆ పేజీ, పర్మిషన్ల పేజీ ఇంకో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచెయ్యకపోతే సెక్యూరిటీలో డివైస్ అడ్మిన్ యాప్స్ అని ఉంటుంది, అక్కడ టిక్కు తీసి మళ్ళీ ప్రయత్నించండి. సెట్టింగ్స్ తెరవగానే మూసేస్తోంది, వెనక్కి తోసేస్తోంది అంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాలి, చాలా ఫోన్లలో పవర్ ఆఫ్ గుర్తు మీద వేలు నొక్కిపట్టి ఉంచితే అడుగుతుంది, సేఫ్ మోడ్‌లో మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవవు కాబట్టి ప్రశాంతంగా పీకొచ్చు. ఐకాన్ లేని యాప్‌లు కూడా ఉంటాయి, అందుకే హోమ్ స్క్రీన్‌లో కాదు, సెట్టింగ్స్‌లోని పూర్తి లిస్టులోనే వెతకాలి.

ఇదంతా చేశాక స్కాన్ చేసుకోండి, ప్లే స్టోర్‌లోనే ఉండే యాప్ స్కానర్, ప్లే ప్రొటెక్ట్, ఆఫ్‌లో ఉంటే ఆన్ చెయ్యండి, ఏపీకే వేసేటప్పుడు చాలామంది దాన్ని ఆఫ్ చేసి మర్చిపోతారు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే రీసెట్, కానీ రీసెట్ తర్వాత పాత బ్యాకప్ నుంచి అన్ని యాప్‌లూ తెచ్చుకోకండి, ఫోటోలూ కాంటాక్టులూ చాలు. ఫ్యాక్టరీ నుంచే దొంగ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఫోన్‌కి రీసెట్ కూడా పనికిరాదు, 2021లో రష్యాలో అమ్ముడవుతున్న కొన్ని కొత్త బటన్ ఫోన్లని ఒక రీసెర్చర్ పరీక్షిస్తే వాటిలో ఒకటి దానంతటదే పెయిడ్ నంబర్లకి మెసేజ్‌లు పంపుతూ దొరికింది. కాబట్టి "బటన్ ఫోన్ కొనుక్కుంటే గొడవ ఉండదు" అనే పెద్దల సలహా కూడా గ్యారంటీ కాదు.

ఐఫోన్ వాళ్ళకి ఇందులో సగం అక్కర్లేదు. జైల్‌బ్రేక్ చెయ్యని, అంటే యాపిల్ పెట్టిన తాళాలు పగలగొట్టని ఐఫోన్‌లో ఏ యాపూ మీరు నొక్కకుండా కాల్ చెయ్యలేదు, దొంగతనంగా ఎస్ఎమ్ఎస్ పంపలేదు. కానీ మిస్డ్ కాల్ మోసం, కాల్ ఫార్వర్డింగ్, సబ్‌స్క్రిప్షన్లు ఐఫోన్‌కీ తగులుకుంటాయి.

సబ్‌స్క్రిప్షన్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దొంగలు కాల్ కంటే దీన్నే ఎక్కువ ఇష్టపడుతున్నారు, కాల్ అయితే స్క్రీన్ వెలుగుతుంది, ఇది అదీ లేదు. జోకర్ అని ఒక రకం ఉంది, గూగుల్ వాళ్ళు బ్రెడ్ అంటారు, వీటిని 1,700 దాకా ప్లే స్టోర్ నుంచి తీసేశామని 2020 జనవరిలో వాళ్ళే చెప్పారు. ఇలాంటివి కనిపించని పేజీ ఒకటి లోపల తెరిచి, ఆపరేటర్ బిల్లింగ్‌తో నడిచే ఏదో పెయిడ్ సర్వీసులో మిమ్మల్ని చేర్చేసి, ఓటీపీ కూడా అదే చదివి కొట్టేస్తుంది. ఈ పని వైఫై మీద జరగదు, మీరెవరో ఆపరేటర్‌కి తెలియాలంటే మొబైల్ డేటా మీదుగా వెళ్ళాలి, అందుకే కొన్ని యాప్‌లు వైఫైని ఆఫ్ చేసేస్తాయి. ఇంట్లో కూర్చుని ఉండగా వైఫై ఊరికే ఆఫ్ అయి డేటా మీదకి వెళ్తోందంటే రూటర్‌ని తిట్టేముందు కొత్తగా వేసిన యాప్ వైపు ఒకసారి చూడండి. 2021లో బయటపడ్డ గ్రిఫ్ట్‌హార్స్ అయితే ఇంత కష్టం కూడా పడలేదు, మీకు ప్రైజ్ వచ్చింది నంబర్ కొట్టండి అని అడిగేది, కొట్టినవాళ్ళకి నెలకి 30 యూరోల పైన పడేది, 70కి పైగా దేశాల్లో కోటిమంది దాకా దొరికిపోయారని దాన్ని పట్టుకున్న జింపీరియమ్ అనే మొబైల్ సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు లెక్కకట్టారు. యాప్ తీసేసినా సబ్‌స్క్రిప్షన్ పోదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, అది ఆపరేటర్ దగ్గర నమోదై ఉంటుంది, విడిగా అడిగి తీయించుకోవాలి.

డబ్బు వెనక్కి రావడం సంగతి. ఫోన్‌లో మాట్లాడి వదిలెయ్యకుండా రాతపూర్వకంగా, మెయిల్ అయినా సరే, కంప్లయింట్ ఇవ్వండి, అందులో "బిల్లు ఎక్కువొచ్చింది" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఫలానా తేదీల్లో ఫలానా టైముల్లో ఈ తొమ్మిది కాల్స్, ఇవి నేను చెయ్యలేదు, ఈ యాప్ వల్ల జరిగాయి, స్క్రీన్ ఫోటోలు ఇవిగో, ఫలానా రోజు ఐఎస్‌డీ ఆపించాను, ఆ కంప్లయింట్ నంబర్ ఇది, అని లైను లైనుగా రాయండి. గొడవలో ఉన్న మొత్తం తప్ప మిగతా బిల్లు కట్టేస్తాను అని కూడా రాయండి, లేకపోతే లైన్ కట్ చేసే సాకు దొరుకుతుంది. ఆపరేటర్ కూడా ఆ కాల్స్‌కి బయటి కంపెనీలకి డబ్బు కట్టాలి, కట్టకముందే తెలిస్తే ఆపే వీలు ఉంటుంది, అందుకే త్వరపడాలి. ఆపరేటర్ ఒప్పుకోకపోతే మీ దేశంలో టెలికాం రెగ్యులేటర్, సైబర్ పోలీసులు. మా బాబాయ్‌కి మొత్తం రాలేదు, మొదటి రెండు రోజుల కాల్స్ మీ బాధ్యతే అన్నారు, మిగతాది తీసేశారు. ఆయన గొణుక్కున్నాడు గానీ నాకైతే అదే ఎక్కువ అనిపించింది.

ఆఫీసుల్లో ఇంటర్నెట్ మీద నడిచే ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్‌ఛేంజ్) ఉంటే అక్కడ ఇదే మోసం పది లైన్ల మీద ఒకేసారి నడుస్తుంది, శుక్రవారం రాత్రి మొదలై సోమవారం పొద్దున దాకా. ఐఎస్‌డీ అవసరం ఉన్న ఎక్స్‌టెన్షన్‌కి తప్ప అందరికీ ఆపి, వాయిస్ మెయిల్ పిన్‌లు మార్చి, రోజుకి ఇంత దాటితే కట్ అని ఆపరేటర్ దగ్గర లిమిట్ పెట్టించుకోండి. ఇంట్లో పాత కంప్యూటర్‌కో ఫ్యాక్స్ మెషిన్‌కో ల్యాండ్‌లైన్ వైరు ఇంకా గుచ్చి ఉంటే, వాడట్లేదు కదా, పీకెయ్యండి.

ఇక ఒక్కటే పని మిగిలింది, వచ్చే రెండు బిల్లులూ ఇలాగే లైను లైనుగా చూడండి. రోమింగ్‌లో ఉండగా పోయిన కాల్స్ బిల్లులోకి ఆలస్యంగా ఎక్కుతాయి, సబ్‌స్క్రిప్షన్ అయితే నెల తిరిగాక తిరిగి తలెత్తుతుంది. బాబాయ్‌కి మరుసటి నెల ఒక గేమ్స్ ప్యాక్ అని చిన్న మొత్తం పడింది, కాల్స్ ఆపించిన సంతోషంలో మేము దాన్ని అడగడం మర్చిపోయాం.